డబ్బు చేరింది, మిషన్ చేరలేదు: రిజర్వ్ బ్యాంకుకు, ఎన్‌పీసీఐకి తిరుపతి టైలరు బహిరంగ లేఖ

రిజర్వ్ బ్యాంకు, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ) పెద్దలకు నమస్కారం.

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. ఇంటి ముందు గదే నా షాపు. జాకెట్లు, ఫాల్, పీకో, పెళ్లిళ్ల సీజన్‌లో మగ్గం వర్కు. పద్మావతి కాలేజీలో బీకాం చేసి ఇరవై ఏళ్లు దాటింది. ఆ పుణ్యాన మీ సర్క్యులర్లు చదివితే ముప్పాతిక వంతు అర్థమవుతాయి. గడిచిన మూడు నెలల్లో చాలా చదివాను, చదవాల్సి వచ్చింది.

ముందు జరిగింది చెబుతాను. ఇలాంటివి మీకు రోజూ వస్తూనే ఉంటాయి. కానీ ఫిర్యాదు ఫారంలో రాయడానికి చోటు లేని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి కోసమే ఈ ఉత్తరం.

నాకో ఓవర్‌లాక్ మిషన్ కావాల్సి వచ్చింది. చుడీదార్లు, నైటీలు కుడితే లోపల అంచులు పోగులు లేస్తాయి. ఇన్నాళ్లూ వాటిని గాంధీ రోడ్డు పక్క సందులో ఉన్న ఇంకో షాపుకు తీసుకెళ్లి వేయించుకునేదాన్ని. పీసుకు పది రూపాయలు, పోయి వచ్చేసరికి అరపూట గోవిందా. కొత్త మిషన్ టేబులు, మోటారుతో కలిపి కొనాలంటే నాకు అందే ధర కాదు. ఒకరోజు ఫోన్లో వీడియోలు చూస్తుంటే ఒక పేజీ కనబడింది. మూతబడిన గార్మెంట్ యూనిట్ల నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ మిషన్లట, కోయంబత్తూరు అడ్రసు. వీడియోలో మిషన్ నడిపి చూపించారు. ఊరికే గడగడలాడించడం కాదు. రెండు రంగుల గుడ్డ ముక్కలు పెట్టి, అంచు కుట్టి, తిప్పి, లూపర్ దారం ఎలా పడుతోందో దగ్గరగా చూపించారు. కొనేముందు ఏ టైలరైనా చూసేది అదే. ఆ వీడియో ఇంకెవరి దగ్గరో ఎత్తుకొచ్చిందని తర్వాత తెలిసింది.

ధర 18,500. బేరమాడితే 17,500కు దిగారు. బేరానికి దిగొచ్చేవాడు నిజమైన వ్యాపారి అని మనకో నమ్మకం. దొంగకు బేరం ఇంకా సులువని అప్పుడు తట్టలేదు, వాడి పెట్టుబడి ఏముంది గనక. బయానా కింద 2,500 పంపాను. మిగతా 15,000 ఎల్ఆర్ కాపీ, అంటే సరుకు లారీకి ఎక్కించినట్టు పార్సిల్ సర్వీసు ఇచ్చే రసీదు, చూశాకే వేస్తానన్నాను. చాలా తెలివిగా మాట్లాడానని అనుకున్నాను కూడా. మూడో రోజు ఎల్ఆర్ ఫొటో వచ్చింది. పార్సిల్ సర్వీసు పేరు, స్టాంపు, బరువు, చేరాల్సిన ఊరు తిరుపతి, అన్నీ ఉన్నాయి. 15,000 వేశాను. ఫోను టింగుమంది. ఆకుపచ్చ టిక్కు. ‘లావాదేవీ విజయవంతం.’

డబ్బు వేసేటప్పుడు తెర మీద షాపు పేరు రాలేదు, ఎవరో ఆడమనిషి పేరు వచ్చింది. అడిగాను. ‘మా అకౌంటెంట్ మేడం అకౌంటు సిస్టర్, జీఎస్టీ ప్రాబ్లెం’ అన్నాడు. ఇక్కడ నా తప్పు ఉంది, దాచను. కానీ ఒక సంగతి వినండి. నా షాపు క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చేది కూడా నా పేరు కాదు, మా ఆయన పేరు. మా వీధిలో సగం షాపులు ఇంతే. కూరగాయల బండి మీద కొడుకు పేరు, టీ కొట్టులో బావమరిది పేరు. వేరే పేరు కనబడితే జాగ్రత్తపడమని మీ ప్రకటనలు చెబుతాయి. మేమేమో పాలకూ పూలకూ రోజుకు పదిసార్లు వేరే పేర్లకే వేస్తూ బతుకుతున్నాం.

తర్వాత వారం రోజులూ ‘రేపు’తో గడిచాయి. సేలంలో లోడింగ్ లేటు. వేలూరు గోడౌన్‌లో లారీ మారుతోంది. ఆదివారం డెలివరీ ఉండదు. చిత్తూరు దాటింది సిస్టర్, రేపు పొద్దున పది గంటలకు మీ ఇంటి ముందు. చిత్తూరు దాటిందనేసరికి నేను గదిలో మూల సర్ది, మిషన్ పెట్టే చోటు ఊడ్చి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్గు పాయింటు కూడా పెట్టించాను. ఆ ప్లగ్గు ఇప్పటికీ అలాగే ఉంది.

ఎనిమిదో రోజు నేనే పార్సిల్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటరులో ఉన్న పెద్దాయన నా ఫోన్లో ఫొటో చూసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మళ్లీ దగ్గర పెట్టుకుని చూశాడు. ‘ఇది మా బుక్కు కాదు మా. మా దాంట్లో ముందు బ్రాంచి కోడు ఉంటాది, దాని తర్వాత నంబరు. ఇందులో కోడే లేదు. స్టాంపు మాత్రం అచ్చం మాదే, ఎవురో బాగా దింపినారు’ అన్నాడు. సొరుగులోంచి అసలు ఎల్ఆర్ ఒకటి తీసి పక్కన పెట్టి చూపించాడు. పక్కన పెడితే చిన్నపిల్లలకు కూడా తేడా తెలుస్తుంది. నా దగ్గర పక్కన పెట్టడానికి అసలుది ఉంటే కదా. ‘ఈ నెలలో నువ్వు మూడో మనిషివి. ఒకాయనకు జనరేటరంట, ఇంకొకామెకు పిండి మర’ అని, నీళ్లు తాగమని బాటిలు ఇచ్చాడు.

అక్కడి నుంచి నా తిరుగుడు మొదలైంది. ఏ బ్యాంకు, ఏ యాప్ అన్నది చెప్పను. ఒకరిని అల్లరి చేయడం నా ఉద్దేశం కాదు, ఇంకో బ్యాంకు అయినా ఇదే జవాబు వచ్చేదని నాకు తెలుసు.

యాప్‌లో ఫిర్యాదు బటన్ నొక్కితే ఏం జరిగిందో ఎంచుకోమంది. డబ్బు కట్ అయింది కానీ అవతలికి చేరలేదా? తప్పు నంబరుకు పంపారా? రెండుసార్లు కట్ అయిందా? ఈ మూడూ కాదు నా కష్టం. నా డబ్బు సరిగ్గా, ఒక్కసారే, నేను పంపిన చోటికే చేరింది. అదే కదా నా ఏడుపు! చివరికి ‘ఇతరాలు’ ఎంచుకుని అంతా రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. నా లావాదేవీ విజయవంతంగా పూర్తయిందట, సొమ్ము గ్రహీత ఖాతాలో జమ అయిందట, అందువల్ల ఫిర్యాదు ముగించారట. దొంగకు డబ్బు భద్రంగా ముట్టినందుకు నాకు అభినందనలు చెప్పినట్టుంది.

వ్యాపారి ఖాతాకు కట్టిన డబ్బయితే ‘వస్తువు లేదా సేవ అందలేదు’ అని ఫిర్యాదు పెట్టే గీత మీ దగ్గర ఉంది. మనిషి నుంచి మనిషికి వెళ్లిన డబ్బుకు ఆ గీత లేదు. మీ లెక్కలో అది అన్నకు తమ్ముడు పంపినట్టు, స్నేహితులు హోటలు బిల్లు పంచుకున్నట్టు. కానీ ఈ దేశంలో చిన్న వ్యాపారం ఎంతగా మామూలు ఫోన్ నంబర్ల మీద నడుస్తోందో మీకంటే ఎవరికి బాగా తెలుసు?

బ్యాంకులో మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ‘పిన్ ఎవరు కొట్టారమ్మా?’ ‘నేనే సార్.’ ‘మరి ఇంకేం చేస్తాం?’ సంభాషణ అంతే. ఇంటికొచ్చి ఆ ‘ఇంకేం చేస్తాం’ ఎక్కడ నుంచి పుట్టిందా అని వెతికితే 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులరు దొరికింది. మంచి సర్క్యులరే. నాకు తెలియకుండా, నా అనుమతి లేకుండా, మూడో మనిషి ఎవరో నా అకౌంటులో డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లో చెప్పుకుంటే నాకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెప్పుకుంటే నా నష్టానికి ఒక హద్దు ఉంటుంది. తప్పు కస్టమరుదే అని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకు మీదే పెట్టారు. అయితే అదంతా ‘అనుమతి లేని’ లావాదేవీలకు. పిన్ కొట్టడమంటే అనుమతి ఇచ్చినట్టే కాబట్టి ఆ గొడుగు కింద నాకు చోటు లేదు.

నేను దేనికి అనుమతి ఇచ్చాను? మిషన్ కొనడానికి. ఒక ఆడమనిషి పేరున్న అకౌంటుకు 17,500 దానం చేయడానికి నేను పిన్ కొట్టలేదు. పిన్ ఎవరు కొట్టారు అన్న ఒక్క ప్రశ్న దగ్గరే మీ వ్యవస్థ ఆగిపోతోంది. ఎందుకు కొట్టారు, దానికి బదులు ఏం రావాలి, అది వచ్చిందా అన్న ప్రశ్న అడిగేవాడు ఎక్కడా లేడు.

మా షాపు బల్ల మీద ఒక చిన్న పెట్టె ఉంది. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి అరుస్తుంది. దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి సరుకు పట్టుకుపోయే కొనుగోలుదారులు తయారయ్యారు కాబట్టి ఆ పెట్టె అంత త్వరగా వీధివీధికీ పాకింది. మంచిదే, నాకూ పనికొస్తోంది. కానీ చూడండి, అమ్మేవాడికి డబ్బు ముట్టిందో లేదో చెప్పడానికి మాట్లాడే పెట్టె పుట్టింది. కొన్నవాడికి వస్తువు ముట్టిందా అని అడిగే పెట్టె ఇన్నేళ్లలో పుట్టలేదు.

ఇక 1930, సైబర్ మోసాలు జరిగితే ఫోన్ చేయమనే నంబరు. ఆ నంబరు గురించి చెడ్డగా ఒక్క మాట అనను. ఫోన్ ఎత్తిన అమ్మాయి నాకంటే ఓపికగా ఉంది. యూటీఆర్ నంబరు, అంటే ఆ లావాదేవీ గుర్తింపు నంబరు, ఎక్కడ దొరుకుతుందో స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తున్నంత వివరంగా చెప్పింది. ఫిర్యాదు కేంద్ర హోంశాఖ పోర్టల్‌లోకి ఎక్కింది. అయితే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: ‘డబ్బు పోయి ఎంతసేపయింది మేడం?’ గంటలోపు ఫోన్ చేస్తే డబ్బు ఇంకా ఏదో ఒక అకౌంటులో ఉంటుంది, అక్కడే పట్టేయొచ్చు. దాన్నే గోల్డెన్ అవర్ అంటున్నారు. నాకేమో ఎనిమిది రోజులయింది.

ఇది నా బద్ధకం వల్ల జరగలేదు. ఓటీపీ దొంగిలిస్తే మెసేజ్ రాగానే గుండె గుభేలుమంటుంది, వెంటనే ఫోన్ చేస్తాం. కొనుగోలు మోసంలో డబ్బు పోయిన గంటలో నేను సంతోషంగా ఉన్నాను. మా ఆయనకు ఎల్ఆర్ ఫొటో చూపించి టీ పెట్టాను. మోసపోయామని తెలిసేది వస్తువు రావాల్సిన రోజు దాటాక. ఆ రోజును వాడు ‘రేపు’ ‘రేపు’ అని ఎంత కావాలంటే అంత సాగదీస్తాడు. చిత్తూరు దాటింది, వేలూరు దాటింది అని వాడు చెప్పిన కబుర్లన్నీ ఆ గోల్డెన్ అవర్‌ను తినేయడానికే. నా డబ్బు ఆ సమయానికి ఎన్ని అకౌంట్లు మారిందో. చివరికి ఒకచోట 1,140 రూపాయలు హోల్డ్‌లో ఉన్నాయన్నారు. దాన్ని వెనక్కి తెచ్చుకునే కాగితాలు ఇంకా నడుస్తున్నాయి.

వినియోగదారుల కోర్టు ఉంది కదా అంటారేమో. ఉంది. 2019 చట్టం చాలా మేలు చేసింది. నేనుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువైతే ఫీజు కూడా లేదు. 2020లో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి, పెద్ద సైట్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అంతా బాగుంది. కేసు ఎవరి మీద వేయను? నాకు తెలిసింది ఒక స్విచ్ఛాఫ్ అయిన నంబరు, మాయమైన ఒక పేజీ, ఒక యూపీఐ ఐడీ. ప్రతివాది చిరునామా అనే గడిలో ఏం రాయను? ఆ అకౌంటు తెరిచిన రోజు ఆధార్, పాన్, ఫొటో, సంతకం అన్నీ తీసుకున్న బ్యాంకుకు ఆ మనిషి ఎవరో తెలుసు. అడిగితే కస్టమరు గోప్యత అన్నారు. గోప్యత ఉండాలి, ఒప్పుకుంటాను. కనీసం వినియోగదారుల కమిషన్ అడిగితే ఆ కమిషనుకైనా వారం లోపు చెప్పే దారి ఒకటి వేయండి.

ఆ ఆడమనిషి కూడా దొంగ అయి ఉండకపోవచ్చు. నెలకు ఇంతని తీసుకుని అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవడికో అద్దెకిచ్చిన పేదరాలు అయి ఉండొచ్చు. ఇలాంటి అద్దె అకౌంట్లను పట్టడానికి మీ ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే సాధనం తయారు చేసిందని 2024 డిసెంబరులో మీరే చెప్పారు. మోసాల్లో తిరిగే ఫోన్ నంబర్లకు ముప్పు ఎంతో గుర్తు వేసి బ్యాంకులకు, యాప్‌లకు అందించే ఏర్పాటును టెలికాం శాఖ 2025 మేలో మొదలుపెట్టింది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో అనుమానం ఉన్న నంబరు కొట్టి చూసుకునే వీలుంది. ఇన్ని కళ్లు ఉన్నాయి. కానీ నేను పిన్ కొట్టే ఆ ఒక్క క్షణంలో నా తెర మీద ఏం కనబడాలో ఎవరూ ఆలోచించలేదు. ‘ఈ అకౌంటు మీద ఇప్పటికే ఫిర్యాదులున్నాయి’ అని గానీ, ‘ఈ అకౌంటు తెరిచి ఇరవై రోజులే అయింది’ అని గానీ ఒక్క వాక్యం ఎర్రగా కనబడి ఉంటే నా చెయ్యి ఆగేది. ముప్పై ఏళ్ల నుంచి కోయంబత్తూరులో వ్యాపారం అన్నవాడి అకౌంటు వయసు ఇరవై రోజులంటే ఎంత మొద్దుకైనా వెలుగుతుంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను.

మా ఆడపడుచు కొడుకు షేర్లలో ఆడుతుంటాడు. వాడితో నా గోడు చెప్పుకుంటుంటే వాడొక మాట అన్నాడు. ‘అత్తా, నేను ఐపీఓకు, అంటే కంపెనీ మొదటిసారి జనానికి అమ్మే షేర్లకు, యూపీఐలో అప్లై చేస్తే డబ్బు నా అకౌంట్లోనే ఉంటుంది. బ్లాక్ అవుతుందంతే. షేర్లు వస్తేనే కట్ అవుతుంది. రాకపోతే బ్లాక్ తీసేస్తారు.’ నేను నమ్మలేదు. ఫోన్ తీసి చూపించాడు. 2019 నుంచే ఉందట ఈ పద్ధతి. అదే యూపీఐ, అదే పిన్, అదే ఫోను. షేరు కొనేవాడి డబ్బు షేరు వచ్చేదాకా వాడి అకౌంటులోనే కాపలా కాస్తారు. కుట్టు మిషన్ కొనేదాని డబ్బు మాత్రం కన్నుమూసి తెరిచేలోగా కోయంబత్తూరు పేరుతో ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఇంకా చదివితే ఇంకో సంగతి తెలిసింది. 2022 డిసెంబరు పాలసీ ప్రకటనలో ఇలా ఒకసారి డబ్బు బ్లాక్ చేసి, అవసరాన్ని బట్టి కట్ చేసుకునే సదుపాయం యూపీఐలోకి తెస్తామని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. హోటల్ బుకింగ్‌లకు, ఈ-కామర్స్‌కు పనికొస్తుందని, వస్తువు నిజంగా చేతికందేదాకా డబ్బు కస్టమరు ఖాతాలోనే ఉంటుందని, అమ్మేవాడికి కూడా డబ్బు వస్తుందన్న ధైర్యం ఉంటుందని దాని సారాంశం. చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నేను అడగబోతున్నది మీరే రాసి పెట్టుకున్నారు. నేను మిషన్ కొన్న రోజున మాత్రం నా ఫోన్లో ఆ బటన్ లేదు.

అయ్యా, ఆ బటన్ మాకూ ఇవ్వండి. పెద్ద సైట్లలో కొనేవాళ్లకు ఇప్పటికే కొంత రక్షణ ఉంది. అక్కడ రిటర్న్ ఉంది, క్యాష్ ఆన్ డెలివరీ ఉంది. మధ్యలో ఉండే పేమెంట్ అగ్రిగేటర్లు కొన్నవాళ్ల డబ్బును ఎస్క్రో ఖాతాలో, అంటే విడిగా ఒక కాపలా ఖాతాలో పెట్టాలని, వ్యాపారికి ఎప్పుడు ఇవ్వాలో 2020 మార్చిలోనే మీరు నియమాలు రాశారు. గాలిలో ఉన్నది మేమే. వాట్సాప్‌లో ఫొటో చూసి, ఫోన్ నంబరుకు డబ్బు వేసి, పార్సిల్ కోసం వాకిలి చూసేవాళ్లం. ఏ మనిషికైనా డబ్బు పంపేటప్పుడు ‘ఇది కొనుగోలు’ అని ఒక గీత ఉండాలి. అది నొక్కితే డబ్బు నా అకౌంటులోనే బ్లాక్ కావాలి. అది బ్లాక్ అయిందన్న సంగతి అమ్మేవాడికి కనబడాలి. నేను అందిందని ఒప్పుకుంటే అతనికి పోవాలి. నేను ఉలకకుండా పలకకుండా కూర్చుంటే, గడువు దాటాక, పార్సిల్ చేరిన రుజువు చూపించి అతను తీసుకోవాలి. ఎందుకంటే సరుకు తీసుకుని ‘రాలేదు’ అనే కస్టమర్లు కూడా ఉంటారు. నా గోడకు తగిలించిన అరువు జాబితా చూస్తే మీకే తెలుస్తుంది.

ఇదేమీ ఆకాశం నుంచి ఊడిపడే కొత్త సంగతి కాదు. మా అమ్మ చిన్నప్పుడు వీపీపీలో పుస్తకాలు తెప్పించేది. పోస్ట్‌మాన్ కట్ట తెచ్చి గుమ్మంలో పెట్టి డబ్బు అడిగేవాడు. కట్ట చూడకుండా డబ్బు ఇచ్చిన గుర్తు మా ఇంట్లో ఎవరికీ లేదు. మా తాత మదనపల్లె నుంచి మనియార్డరు పంపితే అవతల పుచ్చుకున్నవాళ్ల సంతకంతో చిన్న చీటీ వెనక్కి వచ్చేది. దాన్ని దేవుడి పటం వెనక దాచేవాడు. చైనాలో అలీపే ఇరవై ఏళ్ల కింద పెరిగింది కూడా ఈ ఒక్క కిటుకు మీదే. కొన్నవాడు ‘అందింది’ అనేదాకా డబ్బు మధ్యలో ఆపి ఉంచేవారు. అప్పటికి ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర కొనడానికి అక్కడి జనానికీ మనలాగే భయమే.

బ్రిటన్ ఇంకో దారిలో వెళ్లింది. 2024 అక్టోబరు 7 నుంచి అక్కడ, మోసపోయి తానే డబ్బు పంపుకున్న మనిషికి కూడా బ్యాంకులు నష్టం కట్టివ్వాలి. 85,000 పౌండ్ల దాకా. అందులో సగం పంపిన బ్యాంకు, సగం పుచ్చుకున్న బ్యాంకు. ఈ రెండో సగం నాకు బాగా నచ్చింది. దొంగకు అకౌంటు తెరిచిన బ్యాంకు జేబుకు కాస్త చిల్లు పడితే, ఇక అకౌంటు తెరిచేటప్పుడే నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. ఇక్కడేమో నష్టం మొత్తం నాది, అకౌంటు తెరిచినవాళ్లకు అది ఇంకో కొత్త కస్టమరు.

దీనికి ఖర్చవుతుందని మీరంటారు. అవుతుంది. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారుల దగ్గర ఎండీఆర్, అంటే చెల్లింపు మీద వ్యాపారి కట్టే రుసుము, వసూలు లేదు, కాబట్టి మోసే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది నిజమైన ప్రశ్నే. నా జవాబు సూటిగా చెబుతాను. కూరగాయలకు, ఆటోకు ఇప్పటిలాగే ఉచితంగా ఉంచండి. కానీ తెలియనివాడికి 15,000 వేసేటప్పుడు ‘పది రూపాయలు కడితే వస్తువు వచ్చేదాకా డబ్బు ఆపి ఉంచుతాం’ అంటే కళ్లకద్దుకుని కడతాను. మా తాత మనియార్డరుకు ఇరవై రూపాయలకు రూపాయి చొప్పున కట్టాడు, ఎప్పుడూ గొణగలేదు. సంతకం చీటీ వస్తుంది కదా మరి.

ఇంకో భయం ఉంది, అది కూడా చెప్పాలి. కాపాడమంటే మీరు అకౌంట్లు మొత్తం ఫ్రీజ్ చేయడం మొదలుపెడతారేమోనని. మా వీధి చివర టిఫిన్ బండి నడిపే అన్నకు ఆ గతి పట్టింది. ఎక్కడో మోసం చేసినవాడు ఇక్కడకొచ్చి దోసెలు తిని నూట ఇరవై రూపాయలు వేసి వెళ్లాడు. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు. ఈయన అకౌంటు బిగుసుకుపోయింది. కూతురి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు అందులోనే. పాపం, నెలన్నర తిరిగాడు. అనుమానం 120 రూపాయల మీదైతే ఆ 120 ఆపండి. దోసె పెనం ఆర్పేయకండి.

తిరుపతిలో ఉన్నదాన్ని కాబట్టి యాత్రికుల మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం దగ్గర ఒక రోజు తెల్లవారుజామున చూశాను. ఒక కుటుంబం, మరాఠీ మాట్లాడుతున్నారు, చేతిలో ఫోన్ పట్టుకుని కౌంటరు దగ్గర వేడుకుంటున్నారు. ఫోన్లో వసతి బుకింగ్ చీటీ, దాని మీద స్వామివారి బొమ్మ. ఎవడో దొంగ సైటులో అమ్మాడు. కౌంటరు అబ్బాయి తల అడ్డంగా ఊపుతున్నాడు, అతను మాత్రం ఏం చేస్తాడు? నకిలీ సైట్ల మీద టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించిందో, పోలీసులకు ఎన్ని ఫిర్యాదులు ఇచ్చిందో లెక్కలేదు. అధికారిక సైటు పేరు 2024లో మార్చినప్పుడు కూడా ఊరంతా ప్రచారం చేశారు. అయినా కొత్త దొంగ సైటు పుడుతూనే ఉంటుంది. ఆ కుటుంబం డబ్బు గది తలుపు తెరుచుకునేదాకా వాళ్ల అకౌంటులోనే బ్లాక్ అయి ఉంటే, వాళ్లతో ఉన్న ముసలామె గుడ్డ పరుచుకుని స్టేషన్ అరుగు మీద పడుకునేదే, కానీ డబ్బయినా మిగిలేది. హోటల్ బుకింగ్‌లకు పనికొస్తుందని మీ ప్రకటనలో మీరే రాసుకున్నారని ఇందాకే చెప్పాను.

నేను కొనేదాన్నే కాదు, అమ్మేదాన్ని కూడా. చెన్నై, బెంగళూరు నుంచి మగ్గం వర్కు జాకెట్లకు ఆర్డర్లు వస్తాయి. రెండేళ్ల కిందటి దాకా డిజైన్ పంపగానే సగం డబ్బు వేసేవాళ్లు. ఇప్పుడు ‘అక్కా, ఏమనుకోవద్దు, ఇదివరకు ఒకరి దగ్గర మోసపోయాం’ అంటున్నారు. ఏమనుకుంటాను, నేనూ అదే దారిన వచ్చినదాన్నే. కానీ జర్దోసీ తీగ, కుందన్లు, పనిచేసే పిల్లల కూలి ముందే పెట్టాలి. ఆ కొలతలకు కుట్టిన జాకెట్టు ఇంకొకరికి సరిపోదు. వాళ్లు వేయరు, నేను మొదలుపెట్టను. ఇద్దరమూ నిజాయతీగా ఉన్నవాళ్లమే, మధ్యలో ఎవడో మూడోవాడు చేసిన మోసానికి ఇద్దరి బేరమూ చెడుతోంది. డబ్బు బ్లాక్ అయి ఉందని నాకు కనబడితే చాలు, అదే రాత్రి ఫ్రేముకు గుడ్డ బిగిస్తాను.

నిన్న బెంగళూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే నెల పెళ్లి, 6,000 రూపాయల వర్కు. అడ్వాన్స్ అడిగితే కాసేపు మాట్లాడలేదు. ‘అక్కా, వీడియో కాల్‌లో మీ షాపు చూపిస్తారా?’ అంది. చూపించాను. గది, మగ్గం ఫ్రేము, కట్ చేసి పెట్టిన జాకెట్లు, గోడ మీద పద్మావతి అమ్మవారి పటం. మూల ఖాళీగా ఉన్న చోటు, దాని పైన కొత్త ప్లగ్గు పాయింటు కూడా కనబడి ఉంటుంది. ‘అక్కడ ఏముండేది అక్కా?’ అని అడిగింది. మిషన్ వస్తుందని చెప్పాను.

ఇట్లు,
ఒక టైలరు,
కొర్లగుంట, తిరుపతి.